కొమ్ముచెంబులో చింతపండు

నా చిన్నప్పుడు, ఇంకా నిజాం రాజ్యం నడుస్తున్న రోజుల్లో, మా ఇంట్లో ఏది ఎవరికిచ్చినా నీళ్లు వదిలే ఇవ్వాలి. మాది శంషాబాదు పక్కన వ్యవసాయం చేసుకునే ఇల్లు. పెయ్యదూడను ఇచ్చినా, పొరుగువాళ్లకు విత్తనాల జొన్నలు ఇచ్చినా, పుచ్చుకునేవాళ్ల దోసిట్లో కొమ్ముచెంబుతో ధార పోయించేవాడు మా తాతయ్య. కొమ్ములోంచి నీళ్లు పడితేనే ఇచ్చినట్టు, పడకపోతే ఇవ్వనట్టు. ఈయన చేతికి చెంబిస్తే ఇల్లంతా ధారపోస్తడని నాయనమ్మ సణిగేది.

ఆయనకు ఆ పిచ్చి పట్టించింది బలి చక్రవర్తి. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు తనివి తీరేది కాదు. వామనుడు మూడడుగుల నేల అడిగాడు, బలి సరేనన్నాడు. వద్దురా నాయనా, మోసపోతావు అని గురువు శుక్రాచార్యుడు మొత్తుకున్నాడు. బలి వినకపోయేసరికి పురుగై చెంబు కొమ్ములో దూరి నీళ్లకు అడ్డుపడ్డాడు. వామనుడు దర్భపుల్లతో పొడిస్తే పాపం ఆయన కన్ను కాస్తా పోయింది. అక్కడ అందరూ పకపకా నవ్వేవాళ్లు. నాకు నవ్వొచ్చేది కాదు. ఉన్నదంతా ఇచ్చి పాతాళానికి పోయినవాడు గొప్పవాడు, సరే. పోవద్దని అడ్డుపడ్డవాడిని చూసి నవ్వడమెందుకు? ఇదేం న్యాయమో నాకిప్పటికీ కొరుకుడు పడదు.

నాకు ఏడేళ్లప్పుడనుకుంటాను, వానలు ముఖం చాటేశాయి. మేం నలుగురం ఆడపిల్లలం, నేను మూడోదాన్ని. మంఖాల్‌లో ఉండే మా చిన్నమ్మకు, అంటే మా అమ్మ చెల్లెలికి, పిల్లలు లేరు. ఆమె వచ్చి నన్ను సాదుకుంటానని అడిగింది. మా నాన్న ఎవరినీ కాదనలేని మనిషి, సరేనన్నాడు. మా ఇంట్ల బలి చక్రవర్తి పుట్టిండని తాతయ్య మురిసిపోయాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ముక్కు చీదుకుంటూ పొగ అంది. పొయ్యిలో నిప్పు లేదు.

నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. చిన్నమ్మ అంటే నాకు ప్రాణం, అసలు తిప్పలన్నీ అక్కడే. ఆమె వస్తే కొంగు పట్టుకుని తిరిగేదాన్ని. కానీ ఆమెతో నాలుగు రోజులు పోయి ఉండటం వేరు, దూడలాగా నీళ్లు వదిలి ఇచ్చేయడం వేరు కదా. వద్దంటే చిన్నమ్మకు బాధ, నాన్నకు మాట పోతుంది. వద్దనకపోతే అమ్మ ఉండదు. కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను.

తెల్లవారి ధార పోస్తారనగా వంటింట్లో కొమ్ముచెంబు కనిపించింది. పక్కనే చింతపండు ఉంది. ముద్ద చేసి కొమ్ములో వేలితో కూరేశాను. అంతకుమించి నాకేమీ తోచలేదు.

అందరూ వసారాలో కూర్చున్నారు. చిన్నమ్మ దోసిలి పట్టింది. నాన్న చెంబు వంచాడు, చుక్క పడలేదు. ఇంకా వంచితే మూతిలోంచి నీళ్లు ఒలికాయి. అట్లా కాదు, కొమ్ములోంచే పడాలన్నాడు తాతయ్య. పొడిచి చూద్దాం, ఒక చీపురుపుల్ల తెమ్మన్నాడు. పుల్ల అనేసరికి నాకు శుక్రాచార్యుడు గుర్తొచ్చాడు. కథలో పోయింది ఏ కన్నో నాకు తెలియదు. అందుకని రెండు చేతులతో రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాను.

అంతలో చిన్నమ్మ గొంతు వినిపించింది.

"పుల్ల వద్దు మామా. పొద్దుగాల చెంబును చింతపండు పెట్టి నేనే తోమిన, గదే ఇరికినట్టుంది. నీళ్లే వద్దంటున్నయ్. పిల్లను ఈడనే ఉండనీ."

ఆ పొద్దున ఆమె చెంబును ముట్టనే లేదు.

గట్లెట్ల అని తాతయ్య గొణిగాడు కానీ, నీళ్లే వద్దనడం అపశకునమనిపించి, చెంబు లోపల పెట్టేయమన్నాడు. చిన్నమ్మ నా దగ్గరికొచ్చి చేతులు మెల్లగా తీసింది. "కండ్లు తెరువు బిడ్డా, ఏం కాదు" అంది. నాకోసం కుట్టించి తెచ్చిన లంగాను దండెం మీద వేసి, బండెక్కి వెళ్లిపోయింది. అమ్మ నన్ను పట్టుకుని అప్పుడు ఏడ్చింది, గొంతెత్తి. నేనూ ఏడ్చాను. నేను కోరుకున్నదే జరిగింది కదా, మరి ఏడుపెందుకో నాకు తెలియలేదు.

చిన్నమ్మ ఆ తర్వాత ఇంకెవరి పిల్లనూ అడగలేదు. నా మీద జాలిపడి వదిలేసిందో, మనసులేని పిల్ల నాకెందుకనుకుందో నేను ఎన్నడూ అడగలేదు. దానం చేసిన మహారాజుల సంగతి ఎవరెత్తినా నాకు మాత్రం అడిగి, ఖాళీ చేతులతో పోయిన ఆమే గుర్తొస్తుంది. మా ఇంట్లో ఒక పిల్లను చదువుకని పంపాలన్నా, ఒక సంబంధం ఖాయం చేయాలన్నా, ముందు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నీ మనసులో ఏముందే అని అడుగుతాను. చాదస్తం అని మావాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

చిన్నమ్మ మంచాన పడ్డాక మంఖాల్ వెళ్లి, ఆఖరిదాకా ఆమె దగ్గరే ఉన్నాను. నన్ను రమ్మని ఆమె అడగలేదు, పొమ్మని మావాళ్లెవరూ చెప్పలేదు. నేనే వెళ్లాను.