నీలాన్ని నీలంగా చూపే టార్చ్

మా నల్లగండ్ల రామచంద్రం చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరూ, నల్ల టేపు చుట్టా ఉండేవి. ఆ ఏడాది దసరా పోయాక వాటి పక్కన ఒక చిన్న టార్చ్ వచ్చి చేరింది. ఆ టార్చ్ కోసం ఆయన కోఠి బజారంతా తిరిగాడు. తోడుగా ఎవరు తిరిగారన్నదే అసలు కథ.

రామచంద్రం ఎలక్ట్రీషియన్. పెద్ద చదువేం లేదు. చందానగర్‌లో ఒక కాంట్రాక్టరు వెంట తిరుగుతూ పని నేర్చుకున్నాడు. మాదాపూర్ రాళ్ల గుట్టల మీద అద్దాల బిల్డింగులు లేవడం మొదలైనప్పుడు ఒకదాంట్లో పైపులు వేయడానికి పోయాడు. బిల్డింగు పూర్తయ్యాక మిగతా కూలీలంతా వేరే చోటికి వెళ్లిపోయారు కానీ ఈయన అక్కడే మెయింటెనెన్సులో ఉండిపోయాడు. పై అంతస్తుల్లో పిల్లలంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, రెండు వేల సంవత్సరం వస్తే ఏదో కొంప మునుగుతుందని తెగ పని చేస్తుండేవాళ్లు. వాళ్లకు ఏసీ చలి, కింద సెల్లార్లో ఈయనకు జనరేటర్ వేడి.

సెల్లార్ మూలన ప్యానల్ గది ఉంది. బిల్డింగుకంతా కరెంటు అక్కడి నుంచే పోతుంది. దానికి కిటికీ లేదు. పని చేయాలంటే ముందు కరెంటు తీయాలి, కరెంటు తీస్తే ఆ గది లైటు కూడా పోతుంది. పట్టపగలు పన్నెండింటికి కూడా అక్కడ కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు. కంపెనీ ఇచ్చిన పాత టార్చ్ ఒకటుండేది. మసక పసుపు వెలుగు, బుడ్డి దీపమే నయం.

ఆ చీకట్లో పనిచేసే వాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఏ వైరు ముట్టుకోబోయినా ముందు దాని రంగు పైకి చెప్పాలి. పక్కనున్నవాడు చూసి అదే రంగు మళ్లీ చెప్పాలి. ఇద్దరి మాటా ఒకటైతేనే చెయ్యి వేయాలి. ఎరుపు, పసుపు, నీలం కరెంటు వచ్చే వైర్లు. నలుపు న్యూట్రల్, కరెంటు తిరిగి పోయే వైరు. నీలం తెచ్చి నలుపు చోట బిగిస్తే, కరెంటు వేయగానే పైనున్న కంప్యూటర్లు భగ్గుమంటాయి. ఎవరి చెయ్యైనా తగిలి ఉంటే మనిషే పోతాడు. అందుకే రంగు పలకకుండా రామచంద్రం ఎవరినీ పని చేయనిచ్చేవాడు కాదు.

పక్కన నిలబడి రంగు పలికేవాడు మధుకర్. మూసాపేటలో కిరాయికుంటాడు. పని లేక తిరుగుతుంటే రామచంద్రమే తెచ్చి పెట్టించాడు. 'అన్నా' అంటూ వెనకే తిరిగేవాడు. మధ్యాహ్నం అతని భార్య రేఖ కట్టిచ్చిన డబ్బాలో సగం కూర ఈయన అన్నంలోకి వచ్చేది, ఈయన డబ్బాలోని పచ్చిపులుసు అటు పోయేది.

ఆ ఏడు వానాకాలంలో ఒకరోజు రామచంద్రం ప్యానల్లో చెయ్యి పెట్టి "నలుపు" అన్నాడు.

"అన్నా! నలుపంటవేంది? అది నీలం."

మళ్లీ చూశాడు. ఎంత చూసినా నలుపుగానే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వారం తిరగకముందే అదే తప్పు మళ్లీ జరిగింది. సర్కారు కంటి దవాఖానకు పోతే, కళ్లలో పొర వస్తోంది, ఇంకా ముదరలేదు, చలికాలం పోయాక వస్తే ఆపరేషన్ చేస్తామన్నారు. వెలుతురు బాగుంటే పరవాలేదు, మసకలోనే రంగులు కలిసిపోతాయని చెప్పారు.

ఈ సంగతి ఆయన ఇంట్లో భార్య సీతాబాయికి కూడా చెప్పలేదు. ఆపరేషన్ అంటే ఆమెకు హడలు, ముందే పరేషాన్ అవుతుందని. మెట్ల కింద చాయ్ తాగుతూ మధుకర్‌కు ఒక్కడికే చెప్పాడు.

"ఎవ్వరికి చెప్పకురా. జర చలికాలం దాక ఎల్లదీస్తె సాలు."

"నాకు చెప్పినవ్ గద అన్నా, ఇగ ఫికర్ చెయ్యకు. రంగు నేనే ముందు పలుకుత. నువ్వు నా ఎనక పలుకు. ఎవనికి తెలుస్తది?"

అప్పటి నుంచి పద్ధతి తిరగబడింది. మధుకర్ ముందు పలికేవాడు, రామచంద్రం వెనక. చూసేది మధుకర్ కళ్లు, చేసేది రామచంద్రం చేతులు. పని ఎక్కడా ఆగలేదు.

ఎందుకంత దాపరికం అంటే, ఆ డిసెంబరుతో మెయింటెనెన్సు కాంట్రాక్టు అయిపోతుంది. తర్వాత కంపెనీయే ఒక్క ఎలక్ట్రీషియన్‌ను సొంతంగా తీసుకుంటుంది. పర్మినెంటు. ఒక్కడినే. పొలం పోయిన ఊళ్లో పుట్టి, ఎప్పుడు పొమ్మంటారో తెలియని పనుల్లో బతికిన మనిషికి ఆ మాట విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అది రామచంద్రానికే వస్తుందని వాచ్‌మన్ నుంచి క్యాంటీన్ వాళ్ల దాకా అందరూ అనుకున్నారు. "నీదే అన్నా అది" అని మధుకర్ కూడా అనేవాడు.

కానీ మధుకర్ సెలవు పెట్టిన రోజున ఏం చేయాలి? ఆ భయంతోనే మంచి టార్చ్ ఒకటి కొనాలనుకున్నాడు. దసరా తర్వాత ఆదివారం ఇద్దరూ బస్సెక్కి కోఠికి పోయారు. టార్చ్ ఎలా ఉండాలో రామచంద్రం బస్సులోనే లెక్క వేసుకున్నాడు. జేబులో పట్టాలి, ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి పళ్ల మధ్య పట్టుకునేంత తేలిగ్గా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, నీలాన్ని నీలంగా చూపాలి. అందుకని నీలం వైరు ముక్క ఒకటి, నలుపు ముక్క ఒకటి జేబులో వేసుకొచ్చాడు.

మొదటి షాపులో నిగనిగలాడే లోహపు టార్చ్ చూపించారు. వేలంత ఉంది. మెడ తిప్పితే వెలుగుతుంది. మధుకర్‌కు తెగ నచ్చింది.

"గిది తీస్కో అన్నా, ఫారిన్ సరుకు లెక్కున్నది."

"తిప్పనీకి రెండు చేతులు గావాలె. ఇనుము నోట్ల వెట్టుకొని ప్యానల్‌ల తలకాయ వెడ్తె, సీతాబాయి పసుపు కుంకుమలకు నువ్వు జిమ్మేదారా?"

ఇంకో షాపులో తాళం చెవులకు తగిలించుకునేది చూశారు. మిణుగురు పురుగంత వెలుగు. మరోచోట మీట జరిపేది బాగానే ఉంది కానీ, జేబులో వేసుకుని నాలుగడుగులు వేయగానే తనంతట తానే వెలిగింది. పనికొచ్చే వేళకు సెల్స్ అయిపోతాయని దాన్నీ వద్దన్నాడు.

చివరికి ఒక గల్లీ లోపల ముసలాయన షాపు. రామచంద్రం వైరు ముక్కలు గల్లా బల్ల కింద చీకట్లో పెట్టి, ఒక్కో టార్చ్ వేసి చూడసాగాడు. వెలుతురు పడకుండా మధుకర్ పక్కన గొంతుక్కూర్చుని రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ముసలాయన పైనుంచి తొంగి చూశాడు.

"అరె భాయ్, టార్చ్ కొననీకొచ్చినవా, వైర్ అమ్మనీకొచ్చినవా?"

"పిల్లను సూసినట్టు సూస్తున్న చాచా. తొందర వెట్టకు."

"పిల్లను గల్లా కింద సూస్తరా?"

మధుకర్ పడీపడీ నవ్వాడు. అప్పుడు ముసలాయన లోపలికి పోయి నల్ల ప్లాస్టిక్‌ది ఒకటి తెచ్చాడు. రెండు సన్న సెల్స్, వెనక నొక్కే బటన్, తెల్లగా వెలిగే బల్బు. "ఇది సెల్స్ మస్తు తింటది, ముందే చెప్తున్న" అన్నాడు. రామచంద్రం గల్లా కింద వేసి చూశాడు. నలుపు నల్లగా ఉంది. నీలం, వాన వెలిసిన ఆకాశంలా నీలంగా ఉంది.

"కనపడ్డదిరా!" అని మధుకర్ భుజం పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇగ నాతోటి పనేం లేదన్నట్టు" అన్నాడు మధుకర్ నవ్వుతూ.

"నీ అసొంటి తమ్ముడు లేకుంటె ఈడిదాక వస్తుంటినా?" అని ఆ సంతోషంలో ఇరానీ హోటలుకు తీసుకుపోయి ఉస్మానియా బిస్కట్లు తినిపించాడు.

నెల గడిచింది. టార్చ్ పళ్ల మధ్య పెట్టుకుని రామచంద్రం దర్జాగా పని చేశాడు. సెల్స్ కాస్త మెత్తబడగానే మార్చేసేవాడు. మళ్లీ తానే ముందు రంగు పలకడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పొద్దున పదకొండింటికి మేనేజరు ఉదయ్ భాస్కర్ సెల్లార్‌లోకి దిగి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ఎవరినైనా అండీ అనే పిలుస్తాడు. చేతిలో ఆ పాత మసక టార్చ్ ఉంది.

"రామచంద్రం గారూ, పోస్టు సంగతి తేల్చాలండి. కరెంటు తీయించాను. కొంచెం లోపలికి రండి."

మధుకర్‌తో కలిపి ముగ్గురూ ప్యానల్ గదిలోకి వెళ్లారు. రామచంద్రం జేబులోంచి టార్చ్ తీశాడు.

"అది వద్దండి. పక్కన పెట్టండి. దీంతో చూడండి" అని ఉదయ్ భాస్కర్ పాత టార్చ్ చేతికిచ్చాడు. "అన్నీ అక్కర్లేదు. ఇదొకటి, ఇదొకటి. వీటి రంగులు చెప్పండి చాలు."

ఆయన వేలు పెట్టి చూపించినవి రెండే వైర్లు. ఎరుపును అడగలేదు. పసుపును అడగలేదు. సరిగ్గా తాను పోల్చుకోలేని జంటనే అడిగాడని రామచంద్రానికి అర్థమైంది. పసుపు వెలుగులో రెండూ నల్లగానే ఉన్నాయి. పక్కకు చూశాడు. ఇన్నాళ్లూ తనకంటే ముందు రంగు పలికిన నోరు అక్కడే, మూరెడు దూరంలో ఉంది. మధుకర్ తల వంచుకుని చెప్పులు చూసుకుంటున్నాడు.

రెండిట్లో ఒకటి అనేస్తే సగం సగం అదృష్టం. దేవుడి దయ ఉంటే తగులుతుంది కూడా. రామచంద్రానికి ఆ ఆలోచన రాలేదని కాదు. కానీ ఊరికే రంగు పలకడం ఆయన ఎన్నడూ చేయని పని.

"తెలుస్తలేదు సార్" అన్నాడు.

ఉదయ్ భాస్కర్ నొచ్చుకున్నట్టే ముఖం పెట్టాడు. "నాకూ బాధగానే ఉందండి. కానీ కంటి సమస్య దాచిపెట్టి ఈ గదిలో పనంటే ఎలాగండీ?"

"తప్పే సార్. మీకెవరు చెప్పిన్రు?"

ఆయన చూపు మధుకర్ వైపు పోయి వచ్చింది. తర్వాత సర్ది చెప్పబోయాడు. "దసరా సెలవులకు ముందే చెప్పారండి. పండగ తర్వాత మీరే వచ్చి చెబుతారేమోనని ఆగాను."

దసరాకు ముందు. రామచంద్రం ఆ మాటను లోపల రెండుసార్లు తిప్పుకున్నాడు. అంటే కోఠిలో గల్లా కింద గొంతుక్కూర్చుని చేతులు అడ్డం పెట్టినప్పటికే ఇతను చెప్పేసి వచ్చాడు. ఇరానీ హోటల్లో బిస్కట్ చాయ్‌లో ముంచుకున్నప్పటికే చెప్పేశాడు.

మెట్ల దగ్గర మధుకర్ వెంటపడ్డాడు.

"అన్నా, ఆగు. నా మాటిను. రేపెవరన్న సచ్చిపోతె ఆ పాపం నాకు సుట్టుకుంటుండె."

"నిజమేరా. నువ్వన్నది తప్పని అంటలేను."

"మరి?"

"'అన్నా, ఇగ దాసుడు నాతోని గాదు, చెప్తున్న' అని నాతోటి ఒక్క మాట అనకపోయినవ్. నేనే పోయి చెప్పుకుందు గద. చెప్పినోనివి కోఠికెందుకొచ్చినవ్?"

మధుకర్ "నువ్వు రమ్మంటివి గదన్నా" అన్నాడు.

తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు. రామచంద్రం గేటు దాటాడు.

పోస్టు మధుకర్‌కు వచ్చింది. రామచంద్రానికి గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు, ఈయన ఒప్పుకోలేదు. చలికాలం పోయాక ఆపరేషన్ అయింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నన్నాళ్లు సీతాబాయి పూటపూటకూ కంట్లో మందు చుక్కలు వేసింది కానీ, మూతి ముడుచుకునే వేసింది.

"ఉజ్జోగం పోయిందని ఏడుస్తలేను నేను. కన్ను గిట్లయితుందని మూసాపేటోనికి చెప్పినవ్, పక్కల పండే నాకు చెప్పకపోతివి."



చూపు బాగా వచ్చింది. చందానగర్ వైపు కొత్తగా లేస్తున్న ఇళ్లకు వైరింగు పని దొరికింది. ఆ టార్చే వాడుకుంటున్నాడు, వస్తువు ఏం పాపం చేసింది? కానీ మనిషి మారాడు. పక్కన ఎవరినీ పెట్టుకోడు. ఒక్కడే చేసుకుంటాడు. కరెంటు తీసేసి ఫ్యూజు తన జేబులో వేసుకుంటాడు, ఎవరి మాట మీదా చెయ్యి పెట్టడు. దాంతో రెండు రోజుల పని నాలుగు రోజులు పడుతుంది. అంతకన్నా పెద్ద మార్పు, తన ఒంటి సంగతి ఎవరికీ చెప్పడం మానేశాడు. జ్వరం వచ్చినా "ఏం లే" అంటాడు. కాలికి మేకు గుచ్చుకుంటే గుడ్డ చుట్టుకుని నడిచాడు.

మొన్న వేసవిలో ఆయనకు దవడ పన్ను నొప్పి లేచింది. అన్నం ముద్ద ఒకవైపే నములుతున్నాడు. సీతాబాయి రెండు రోజులు చూసింది.

"పన్ను నొస్తుందా?"

"ఏం లే."

మూడో పొద్దుకు చెంప పూరీలా పొంగింది. వాకిట్లో పళ్లు తోముకోలేక పుక్కిలించి ఉమ్ముతుంటే, ఆమె చెంబు పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏందయ్యా, నేను గుడ మధుకర్‌నేనా?"

రామచంద్రానికి వాపుతో నోరు సరిగా తెరుచుకోవడం లేదు.

"మస్తు నొస్తుందే" అన్నాడు.

"గట్ల చెప్పు" అని ఆమె చెంబు కింద పెట్టి, దవాఖానకు పోవడానికి చెప్పులు వేసుకుంది.