బీరువా కింద బాతుపిల్ల

అదేనండీ నేననేది, బుల్లి టీచరమ్మ మనిషి మాత్రం బుల్లి కాదు. గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాల్సిందే. ఇంగ్లీషులో చిన్నచిన్న వాటికుండే బుల్లి పేర్లు పిల్లలకి నేర్పుతుందని ఆ పేరు పడింది. చదివింది పదో తరగతే. ముందుగదిలో చాప పరిచి ట్యూషన్ చెప్తుంది. వస్తువు చూపించందే మాట నేర్పదు, అదీ ఆవిడ పంతం. కిటెన్ అని పిల్లికూనని తెచ్చినరోజు ముగ్గురికి చేతులు గీరుకుపోయాయి.

ఆ రోజు డక్లింగ్ పాఠం. నాలుగింటికి బడి పెద్దమేడం వచ్చి చూస్తానంది. నచ్చితే బడిలో ఉద్యోగం, లేకపోతే లేదు. దానికోసం టీచరమ్మ ఏడేళ్లుగా కళ్లు కాయలు కాసేలా చూస్తోంది.

"ఈ ఒక్కరోజుకీ బొమ్మ గీసి చూపించవే," అన్నాడు వాళ్లాయన. ఆయన టైలరు.

"నేను బాతుని గీస్తే మీరు కుట్టిన చొక్కాలా ఉంటుంది. తల ఎటో తెలీదు."

బాతులు పెంచే వదినని బతిమాలి బుట్టలో ఓ పిల్లని తెచ్చింది. మూత తీసిందో లేదో, అది చెంగున దూకి బీరువా కిందకి దూరింది. పదకొండు మంది పిల్లలూ బోర్లా పడుకున్నారు. టీచరమ్మా పడుకుంది. పడుకోవడం సులువే, లేవడమే కష్టం.

"టీచరమ్మా, మనం అన్నిటికీ పిల్ల అంటే సరిపోతుందిగా. ఇంగ్లీషువాళ్లకెందుకిన్ని పేర్లు?" అందో అమ్మాయి.

"వాళ్ల ఖర్మ. చెయ్యి పెట్టకు, పొడుస్తుంది."

"మరి బీరువా పిల్లనేమంటారు?"

"బీరువా ఇంకా ఈనలేదు. ముందు దీన్ని పిలవండి."

"డక్లింగ్, రా రా," అని అందరూ అందుకున్నారు.

అప్పుడే పెద్దమేడం గుమ్మంలోకొచ్చింది. ఆవిడకి కనిపించినవి ఇరవై నాలుగు అరికాళ్లు. అందులో రెండు బాగా పెద్దవి.

"ఏంటమ్మా ఇది?"

"పాఠమండీ," అంది టీచరమ్మ నేలమీంచే. ఏడేళ్ల ఆశ గాల్లో కలిసిపోయిందనుకుంది.

పెద్దమేడం చెప్పులు విప్పి, మోకాళ్లమీద కూర్చుని గొడుగుతో మెల్లగా అదిలించింది. బాతుపిల్ల బయటికొచ్చి నేరుగా ఆవిడ ఒళ్లోకే ఎక్కింది.

"ఏంటిది?" అని పెద్దమేడం పిల్లల్ని అడిగింది.

"డక్లింగ్."

"మరి పందిపిల్లనేమంటారు?"

"పిగ్లెట్. టీచరమ్మ దాన్ని తెచ్చినప్పుడు చాప పారేయాల్సొచ్చింది."

పెద్దమేడానికి నవ్వాగలేదు. "మా బళ్లో ఇంత గట్టిగా ఎవరూ జవాబు చెప్పరు. సోమవారం నుంచి రండి. జంతువుల్ని మాత్రం తేకండి."

"చూపించకుండా ఎలాగండీ?"

ఆవిడ ఒళ్లో బాతుపిల్లని నిమిరింది. "పంది వద్దు. మిగతావి చూద్దాం," అని ఉద్యోగం ఫారం టీచరమ్మ చేతిలో పెట్టింది. ఫోటో అంటించి ఆ సాయంత్రమే ఇవ్వాలట.

టీచరమ్మ ఫోటో స్టూడియోకి బయల్దేరింది, పిల్లలూ వెంటపడ్డారు. వీధి మలుపులో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. "ఒరేయ్, ఇదిగో డ్రాప్‌లెట్, అందరూ ఇటు రండి," అని అక్కడే పాఠం మొదలెట్టింది. అది అయ్యేలోగా ఎదురుగా స్టూడియో ఆయన షట్టర్ దించేసి ఇంటికెళ్లిపోయాడు. ఫారం ఇంకా ఆవిడ సంచిలోనే ఉంది.