నాన్న తెచ్చిన ఒండ్రు

మా నాన్న గోదావరి మనిషి. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా పాతికేళ్లు విశాఖలో ఉన్నా, ఆయన దృష్టిలో మట్టంటే గోదావరి మట్టే, మిగతాదంతా దుమ్ము. వరద తీశాక లంకల్లో మిగిలే మెత్తటి ఒండ్రు గురించి ఆయన చెబుతుంటే, "పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత మురిపెంగా చూడలేదు" అనేది అమ్మ.

తొంభైల చివర్లో ఒక ఏడు, వానలు వెనకబట్టి మా కాలనీ వెనక గెడ్డ ఇంకిపోయింది. ఒడ్డున నల్లగా, వెన్నలాంటి బురద తేలేసరికి నాన్నకి ప్రాణం లేచొచ్చింది. గెడ్డ అంటే ఇక్కడివాళ్లకి కొండవాగు. మా గెడ్డ ఎగువనున్న ఫ్యాక్టరీల పక్కనుంచి దిగి వచ్చేది. ఆ సంగతి నాన్నకీ తెలుసు. కానీ ఒండ్రు కంటపడ్డాక గోదావరివాడికి ఇంకేదీ కనబడదు. రోజూ డ్యూటీ దిగి, గోనెసంచుల్లో సైకిలు మీద మోసుకొచ్చి, పెరడంతా జానెడు మందాన పరిచాడు. ఇరుగుపొరుగు నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుంది అన్నాడు నాన్న. పండింది కూడా. తోటకూర నడుమెత్తు లేచింది. పాలకూర ఆకు నా అరచేతికన్నా పెద్దది. మా వీధిలో నాన్న కట్ట అందని ఇల్లు లేదు.

ఆ చలికాలమే నేను పురిటికి పుట్టింటికొచ్చాను. ఏడో నెల. రక్తం తక్కువుంది, ఆకుకూరలు తినమంది డాక్టరమ్మ. ఇంకేం, నాన్నని పట్టుకునేవాళ్లు లేరు. పప్పులో తోటకూర, పులుసులో తోటకూర, రాత్రికి వేపుడు. వద్దంటే అలిగేవాడు. అబద్ధమెందుకు, నాకూ రుచిగానే ఉండేది.

మా పక్కింట్లో ఉండే ఆయన ఇక్కడి మనిషే. ముప్పై అయిదేళ్లుంటాయి. ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాడు. నాన్నని బాబాయ్ అనీ, నన్ను సెల్లీ అనీ పిలిచేవాడు. నాకు పక్కింటన్న. ఎవరి జోలికీ పోని మనిషి, ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి మా వరండాలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నాన్న ఇచ్చిన కట్టలోంచి రెండు తోటకూర మొక్కలూ, మా పెరట్లోంచి గుప్పెడు మట్టీ ల్యాబుకి పట్టుకెళ్లాడట. ఆకుని ఎండబెట్టి, బూడిద చేసి, యాసిడ్‌లో కరిగించి మిషన్లో పెట్టి చూశాడట. సీసం, కాడ్మియం, రెండూ ఉండకూడనంత ఉన్నాయన్నాడు. ఇప్పటికే ఉప్పునీళ్లలో కడుగుతున్నాననీ, ఇకమీదట చింతపండు నీళ్లతో కూడా కడుగుతాననీ అంది అమ్మ.

"కడిగితే పోయేది కాదు పిన్నీ. మట్టిలోంచి మొక్క ఏరుకీ, ఏరులోంచి ఆకులోకీ ఎక్కిపోనాది. సెల్లికి మాత్రం ఎట్టొద్దు."

నాన్న మొహం కందగడ్డయింది. తాతల కాలంనుంచీ ఒండ్రులో పండిందే తిన్నామనీ, కొండరాళ్ల మీద పుట్టినవాళ్లకి దాని విలువేం తెలుస్తుందనీ, మా పెరడు చూసి ఓర్వలేకే ఈ మాటలనీ నోటికొచ్చినట్టు అనేశాడు. పక్కింటన్న మెట్లు దిగి వెళ్లిపోయాడు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. అయినా నాన్నని ఆపలేదు.

ఆ మధ్యాహ్నం నా కంచంలో తోటకూర పప్పే పడింది. కలిపాను గానీ ముద్ద నోటిదాకా వెళ్లలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని ఏడ్చాను. అప్పటికే ఎంత తిన్నానో, అది లోపలి బిడ్డని ఏం చేస్తుందో చెప్పేవాళ్లెవరూ లేరు. నాన్న నన్ను చూసి, తన అన్నం సగంలో వదిలి లేచిపోయాడు.

మర్నాడు తెల్లారేసరికి మా గేటుకి ఒక సంచీ వేలాడుతోంది. మెంతికూర, మునగాకు. ఆ మర్నాడూ అంతే. సింహాచలం కొండ వెనక పల్లెలో పక్కింటన్న వాళ్లమ్మకి కాస్త మెట్ట ఉంది. మా గెడ్డ నీరు అటు పోదు. డ్యూటీకి ముందే అక్కడికి సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, ఆకు తెచ్చి, తలుపు కొట్టకుండా తగిలించిపోతున్నాడు. నాలుగో రోజు నాన్న గేటు దగ్గరే కాపు కాశాడు. అన్ని మాటలన్నాక కూడా ఎందుకు తెస్తున్నావని అడిగాడు.

"తిడితే తిట్టండి బాబాయ్, నానేటి అనుకోను. కడుపులో పిల్ల ఏటి సేసింది?"

నాన్న ఆ సంచీ తనే లోపలికి తెచ్చాడు. పక్కింటన్న భార్య తనతో చెప్పుకున్న మాట అమ్మ అప్పుడు బయటపెట్టింది. ఆ పరీక్ష ల్యాబులో ఎవరికీ చెప్పకుండా చేసిందనీ, పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగం ఊడేదనీ.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి, ఆ రోజు సెలవు పెట్టి తోటంతా పీకేశాడు. తర్వాత చొక్కా వేసుకుని, కట్టలిచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లి, ఇక తినకండి, తప్పు నాదే అని చెప్పొచ్చాడు. ఆ మట్టిని మాత్రం ఎక్కడ పారబోయాలో తెలియలేదు. గెడ్డలో వేస్తే దిగువనున్న ఇంకో ఆకుకూరల మడికి చేరుతుంది. చివరికి పెరడంతా గచ్చు చేయించేశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయన ఒక్క మొక్క కూడా నాటలేదు.

నెలలు నిండాకే పాప పుట్టింది. ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. దానికి ఏ హానీ జరగలేదని పరీక్షలు చేసి చెప్పినవాళ్లెవరూ లేరు. బాగా పెరిగింది, అంతవరకే నాకు తెలుసు. అందుకే ఆ ఇద్దరికీ ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. తిట్లు తిని కూడా ఊరుకోనందుకు ఆయనకి, ఆ మాట తలకెక్కించుకున్నందుకు నాన్నకి.

అయిదో నెలలో అన్నప్రాశన. మా ఇళ్లల్లో మొదటి ముద్ద మేనమామ పెడతాడు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. రాజమండ్రినుంచి పెదనాన్న కొడుకుని పిలుద్దామంది అమ్మ. నాన్న వినలేదు. పక్కింటికి తనే వెళ్లి పిలుచుకొచ్చాడు. వచ్చి అందరి వెనకా నిలబడ్డ మనిషిని చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టి, పాపని ఒళ్లో పెట్టి, పాయసం గిన్నె చేతికిచ్చాడు. మీ వోళ్లెవులైనా ఎడతారులే బాబాయ్ అంటూ ఆయన లేవబోయాడు.

నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"దీని నోట్లోకి ఏం పోకూడదో అందరికన్నా ముందు చూసినవాడివి నువ్వు. మొదటి ముద్ద నువ్వే పెట్టాలి."