వరస దాటని డిస్కు

మా బావగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను అమలాపురంలో, మా స్కూలు గ్రౌండులో, ఏడో తరగతి పిల్లల్ని వరసల్లో నిలబెడుతున్నాను. ఫోనులో అక్క గొంతు మామూలుగానే ఉంది. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావగారు వెళ్ళిపోయేర్రా. కంగారుపడి బండి తోలకు, నెమ్మదిగా రా" అంది. రేపో మాపో వస్తుందని అందరికీ తెలిసిన కబురే. అయినా పిల్లలకి విశ్రామ్ చెప్పడం కూడా మరిచిపోయి కొత్తపేట దారి పట్టాను. నేను గేటు దాటాక కూడా వాళ్ళు చాలాసేపు అలాగే నిలబడి ఉన్నారని తర్వాత తెలిసింది.

వాకిట్లో అప్పటికే జనం చేరారు. పలకరించడానికి వచ్చిన ఒక పెద్దమనిషి నా భుజం తట్టి, "అదృష్టవంతులండీ మీ బావగారు, ప్రశాంతంగా వెళ్ళిపోయేరు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చావింట్లో నాలుగు మంచి అబద్ధాలు చెప్పడం మన మర్యాద, కాదనను. కానీ ఆయన ప్రశాంతంగా పోలేదు. కుడిచేతి వేళ్ళలో మొదలైన జబ్బు ఒక్కో పనినీ ఆయన దగ్గర్నుంచి లాక్కుంటూ పోయి, ఆఖరికి ఊపిరి లాక్కుంది. తెలివి మాత్రం చివరి పూట దాకా ఉంది. ఏం పోతోందో, ఎంత పోయిందో ఆయనకి పూర్తిగా తెలుసు. వంకర వరసనీ వంకర మాటనీ ఒక్కలాగే సహించని మనిషి గురించి రాస్తూ ఈ సంగతి దాచడం బాగుండదు.

ఆయన మా అక్క భర్త. కొబ్బరి రైతు. కాలువ పక్కన ఇల్లూ తోటా ఒకే ఆవరణలో ఉంటాయి. తోటలో కొన్ని వరసలు వాళ్ళ నాన్నగారు వేసినవి, మిగతావి ఈయన తాడు పట్టి వేసినవి. నేను ఉద్యోగం వెతుక్కుంటూ ఖాళీగా తిరిగే రోజుల్లో ఆ తాడు రెండో కొస నాకిచ్చేవారు. ఒక కన్ను మూసి, తాడు వెంట చూపు పోనిచ్చి, "మాస్టారూ, తమరి వైపు వెంట్రుకవాసి పోయిందండి" అనేవారు. అప్పటికి నాకు ఉద్యోగమే లేదు. డ్రిల్లు మాస్టారి చదువు చదివానని వెటకారం. మా గోదావరి వాళ్ళు అండీ అన్న ప్రతిసారీ గౌరవిస్తున్నారని అనుకోకండి. ఆ తాడు వెంట నాటిన మొక్కలు చెట్లయ్యాయి. ఇవాళ ఈ చివర నిలబడి చూస్తే రెండు వరసల నడుమ దారి అవతలి గట్టు దాకా కనిపిస్తుంది.

ఆ దారుల్లోకి డిస్క్ గోల్ఫ్ రావడానికి కారణం నేను. మీలో చాలామందికి ఈ ఆట తెలిసి ఉండదు. ఇందులో కర్రా బంతీ ఉండవు. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కుని విసిరి, పడిన చోటి నుంచి మళ్ళీ విసురుతూ, చివరికి గొలుసులు వేలాడే బుట్టలో వెయ్యాలి. తక్కువ విసుర్లలో వేసినవాళ్ళు గెలిచినట్టు. వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకి వెళితే నాకు మూడు డిస్కులు ఇచ్చి పంపారు. మా స్కూలు గ్రౌండులో ఎటు విసిరినా ఎవరిదో ఒకరి కిటికీ అడ్డొస్తుంది. అందుకని తోటకి పట్టుకెళ్ళాను.

"ఏటండీ మాస్టారూ, టిఫిన్ హోటలు పెడతన్నారా? ప్లేట్లు తెచ్చేరు" అన్నారు బావగారు.

"తినడానికి కాదండి బావగారూ, విసరడానికి."

"మా ఇంట్లో ప్లేట్లు విసిరే డిపార్టుమెంటు మీ అక్కదయ్యా. మనం వేలెట్టకూడదు."

"ఇక్కడికి వినపడతంది" అంది అక్క వంటింట్లోంచి.

"ఆయ్, వినపడాలనే అన్నాను."

అయినా లేచారు. మొదట, అన్నిటికన్నా దూరం పోయే డిస్కుని విసిరారు. అది కొంత దూరం బాగానే పోయి, ఎడమకి వాలిపోయి ఠప్పున చెట్టుకి కొట్టుకుంది. రెండోది మధ్యరకం, మిడ్రేంజ్ అంటారు. అది ఆయన చేతిలోంచి బయల్దేరి రెండు వరసల నడుమ నింపాదిగా తేలుతూ వెళ్ళి దారి మధ్యలో దిగింది. ఆయన ఒక కన్ను మూసి దాని వెంట చూశారు. "ఇది మన మనిషేనయ్యా" అన్నారు. ఆ రోజే వాటికి పెద్దది, నడిమిది, చిన్నది అని పేర్లు పెట్టారు. పెద్దదాన్ని మళ్ళీ ముట్టుకోలేదు.

రావులపాలెంలో వెల్డింగు షాపులో పాత సైకిలు రిమ్ములతో బుట్ట చేయించారు. దానికి గొలుసులు కావాలని ఇంట్లో ఉయ్యాల బల్ల ఊడదీశారు. ఆ విషయంలో అక్క చాలాకాలం ఆయన్ని క్షమించలేదు. సాయంత్రం మోటారు కట్టేశాక మేమిద్దరం ఆడేవాళ్ళం. కాయలు దింపే రోజుల్లో మాత్రం నన్ను తోటలో అడుగుపెట్టనిచ్చేవారు కాదు, నెత్తిన కాయ పడితే మీ అక్కకి సమాధానం చెప్పలేనని.

నాది గట్టి చెయ్యి. నేను పెద్దదాన్ని బలమంతా పెట్టి విసిరి, పక్కవాళ్ళ అరటి తోటలో వెతుక్కుంటూ ఉండేవాణ్ణి. ఆయన నడిమిదాన్ని నెమ్మదిగా బుట్ట దగ్గరికి చేర్చేసి, గట్టు మీద కూర్చుని, "దొరికిందాండీ?" అని కేకేసేవారు. "దూరం ఎవడైనా విసురుతాడయ్యా, వరస దాటకుండా విసరమను" అనేవారు. గాలి లాగేసిందని నేను సాకు చెబితే ఒప్పుకునేవారు కాదు. "గాలి మీద నేరం మోపకండి మాస్టారూ. మనకంటే ముందు నుంచీ ఉంటంది ఇక్కడ, పాపం."

ఆ మొదటి నడిమిది కాలువలో కొట్టుకుపోయాక కొత్తది ఎంచడానికి ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. డిస్కు మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటిది వేగం, రెండోది తేలే గుణం, మూడోది కుడిచేత్తో విసిరితే దారి మధ్యలో కుడికి ఎంత తిరుగుతుందో, నాలుగోది చివర్లో ఎడమకి ఎంత వాలుతుందో చెబుతాయి. ఆ చివరి రెండూ సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత తిన్నగా పోతుంది. "ఆ రెండు చోట్లా సున్నా ఉన్నదే తెప్పించు. జీవితంలో సున్నా తెచ్చుకున్నందుకు మెచ్చుకునేది ఈ ఒక్క చోటే" అన్నారు. తీరా వచ్చాక అది చివర్లో కొంచెం ఎడమకి వాలింది. మోసపోయామని నేను గోల పెడితే ఆయన నవ్వారు. "కొత్త కోడె కదయ్యా, నాలుగు చెట్లకి కొట్టుకుంటే దారికొస్తది." నిజంగానే వచ్చింది. డిస్కు అరిగేకొద్దీ ఎడమకి వాలడం తగ్గి తిన్నగా పోతుంది, మరీ అరిగితే కుడికి తిరగడం మొదలెడుతుంది.

అందుకే ఆ చలికాలం సాయంత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. బాగా అరిగి, తాడులా తిన్నగా పోతున్న ఆ డిస్కు ఆయన చేతిలోంచి వెళ్ళి, ఎడమ వైపు వరసలో చెట్టుకి కొట్టుకుంది. బావగారు కాసేపు అటే చూసి, "గాలి" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. కొబ్బరి కమ్మలు ఊగడం లేదు. మర్నాడూ ఎడమకే పోయింది. ఈసారి ప్లాస్టిక్కు చలికి బిగుసుకుపోయిందన్నారు. నేనూ ఆయనతో కలిసి డిస్కునే తిట్టి, తేలికపాటిది ఇంకొకటి తెప్పించాను. అది తిన్నగా పోయింది. ఆ సాయంత్రం ఇద్దరం పండగ చేసుకున్నట్టు కొబ్బరి లౌజు తిన్నాం. కొన్నాళ్ళకి అదీ ఎడమకి వాలింది. మళ్ళీ ఇంకొకటి తెప్పించాం.

ఒకరోజు అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "ఆ పళ్ళేలు మార్చడం ఆపండ్రా. చెడింది అవి కాదు, ఆయన చెయ్యి. అన్నం ముద్ద నోటి దాకా వెళ్తలేదు. చొక్కా గుండీలు నేను పెడతన్నాను. నీకు చెప్పొద్దన్నారు" అంది. నేను బయటికి వచ్చి, ఆయన పక్కన కూర్చుని, మొదటిసారి ఆ చేతిని చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. నేను చూడటం ఆయన చూశారు. చెయ్యి కండువా కిందకి లాక్కున్నారు.

రాజమండ్రిలో పెద్ద డాక్టరు దాచకుండా చెప్పాడు. నరాల జబ్బు. కండలు ఒక్కొక్కటే కరిగిపోతాయి. చేతులు, తర్వాత కాళ్ళు, మాట, మింగడం, ఊపిరి. నయం చేసే మందు లేదు. తిరిగొస్తుంటే రావులపాలెం దగ్గర అరటి గెలల లారీల మధ్య మా కారు ఆగిపోయింది. అప్పుడు బావగారే అన్నారు.

"ఏవయ్యా, బాగా అరిగిపోయిన నడిమిది ఎక్కడన్నా దొరుకుద్దా?"

"ఇప్పుడు అదెందుకండి బావగారూ?"

"కొత్తవి ఇంక నా మాట వినవు. అరిగిందైతే ఈ చేతికి తిన్నగా వెళ్ళుద్ది. అది తిన్నగా వెళ్ళినన్నాళ్ళూ నేను నేనుగా ఉన్నట్టే అనుకుంటాను. ఆ తరవాత సంగతి మీ ఇష్టం."

అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను సరేనన్నట్టు ఆయ్ అన్నాను.

అప్పటి నుంచి అదే నా పని. చేతిలో ఊపు తగ్గేకొద్దీ డిస్కు ఇంకా తేలికగా, ఇంకా అరిగినదిగా ఉండాలి. తేలికవి, మెత్తవి తెప్పించి స్కూలు అయిపోయాక ప్రహరీ గోడకి విసిరి విసిరి అరగదీసేవాణ్ణి. అంచులు గరుకు కాగితంతో రుద్దేవాణ్ణి. తోటకి తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చి, తిన్నగా పోతే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఎడమకి వాలితే ఇంటికి తెచ్చి మళ్ళీ అరగదీసేవాణ్ణి. ఎంత అరగదీస్తున్నానో ఆయన అంత తగ్గిపోయారన్న లెక్క నాకు చేతుల్లో తెలిసేది. ఆ పని చేస్తూ గోడ దగ్గర నిలబడి ఏడ్చిన రోజులున్నాయి. దేవుడి మీద కోపం వచ్చిన రోజులు అంతకన్నా ఎక్కువ. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

నడక పోయాక ప్లాస్టిక్ కుర్చీ వరస మొదట్లో వేసి కూర్చోబెట్టేవాళ్ళం. అక్క పక్కన నిలబడి ఒక చెయ్యి ఆయన మోచేతి కింద ఆనించి, ఇంకో చెయ్యి మణికట్టు దగ్గర పెట్టేది. డిస్కు నాలుగైదు చెట్ల దూరం పోయి దారి మధ్యలో దిగేది. అప్పటికి మాట ముద్దగా వచ్చేది. "చూసేవా, వరస దాటలేదు" అనేవారు. నేను కష్టపడి అరగదీసినందుకు మెచ్చుకుంటున్నారనుకుని పొంగిపోయేవాణ్ణి. మాట పూర్తిగా పోయాక, డిస్కు దిగగానే ఒక కన్ను మూసేవారు. మాకు అది చాలు. తర్వాత మంచం, ముక్కుకి గొట్టం, ఊపిరి అందించే మెషీను. ఆ రోజుల గురించి రాయలేను. ఆయన కళ్ళు మమ్మల్ని ఏం అడిగేవో మా ఇద్దరికీ తెలుసు, ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, సాయంత్రం అక్కా నేనూ మిగిలాం. ఆ చివరి డిస్కు అరుగు మీద ఉంది. పసుపు రంగు వెలిసిపోయి, అంచులు మెత్తబడి, అప్పడంలా వంగుతోంది. నేను తీసుకుని వరస మొదట్లో నిలబడి, ఆయన పేరు మీద ఒక్కసారి తిన్నగా పోవాలని విసిరాను. చెయ్యి దాటిందో లేదో కుడికి తిరిగిపోయి, పక్క వరస దాటి కొబ్బరి నీడన వేసిన కోకో మొక్కల్లో పడింది. తెచ్చి నెమ్మదిగా విసిరాను. మళ్ళీ కుడికే. చిన్నపిల్లాడు విసిరినట్టు విసిరాను. అయినా వరస దాటింది. నాలుగైదేళ్ళు తోటలో ఆడిన నాకు అంత తక్కువ బలంతో విసరడం చేతకాలేదు.

అక్క కుర్చీ ఈడ్చుకొచ్చి పాత చోటే వేసింది. "కూర్చో" అంది.

కూర్చున్నాను. డిస్కు నా చేతిలో పెట్టింది. "వేళ్ళతో ఊరికే పట్టుకో. చెయ్యి వదిలెయ్. ఇంకా బిగించే ఉంచేవు. పూర్తిగా వదిలెయ్యరా" అంది. నా మోచేతి కింద తన అరచెయ్యి ఆనించింది. మణికట్టు పట్టుకుని, నా చేతిని నా పొట్ట దాకా తెచ్చి, ఒక్క ఊపున ముందుకి తోసి వదిలింది. నేనేమీ చెయ్యలేదు. డిస్కు రెండు వరసల నడుమ తేలుతూ వెళ్ళి, దారి మధ్యలో దిగింది.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నువ్వా అక్కా? ఎప్పట్నించి?"

"కుర్చీ వేసిన కొత్తలోనే, అట్లతద్ది ముందు నించి. ఆ చేతిలో అప్పటికే ఏం లేదు."

"బావగారికి తెలుసా?"

"తెలియకుండా ఎలా ఉంటదిరా? చెయ్యి ఆయనది కదా" అంది అక్క. "వరస దాటలేదని రోజూ మెచ్చుకునేది ఎవర్ననుకున్నావు?" అంది.

నేను లేవబోయి ఆగిపోయాను. డిస్కు దారి మధ్యలో పడి ఉంది. దాన్ని తేవడానికి ఇద్దరం కదల్లేదు. అక్క ఒక కన్ను మూసి అటే చూస్తోంది. నా మోచేతి కింద ఆమె చెయ్యి ఇంకా అలాగే ఉంది.