ఓడల దారి వెడల్పు సభకు వెళ్లొచ్చాను

జరిగినదాన్ని రాసే పని సభ నడిపినవాళ్లకే వదిలేస్తే ఏం రాస్తారో ఈ మధ్య చెవులారా విన్నాను. అందుకే ఈ ప్రయాణం సంగతి నేను కూడా రాసి పెడుతున్నాను. మన తీరం మీద ఇలాంటి సభలు ఇంకా జరుగుతాయి. వెళ్లేవాళ్లకు దారితో పాటు అక్కడ దేనికి చెవి ఒగ్గాలో కూడా తెలియాలి.

మాది జంషెడ్‌పూర్. ఇల్లు బాగ్‌బేరా, పని ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో లేత్ మిషను మీద. బడి చదువు పదితో ఆగింది గాని, ఆదివారం లైబ్రరీకి వెళ్లడం ఆగలేదు. నదుల మీద, తీరాల మీద అక్కడున్న లావుపాటి పుస్తకాలన్నీ డిక్షనరీ పక్కన పెట్టుకుని పూర్తిచేశాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పే అయినా సరే.

మా అప్ప నరసమ్మను విజయనగరం వైపు సముద్రపొడ్డున అప్పయ్యపాలెంలో ఇచ్చారు. మా ఇళ్లలో అక్కని అప్ప అంటాం. ఆ ఊరికి దక్షిణాన ఓడరేవు ఉంది. దాని పేరు రాయను. ఒకరోజు అప్ప ఫోన్ చేసింది.

"ఒరే తమ్ముడా, ఓడలొచ్చే కాలవ ఇంకా ఎడల్పు సేత్తారంట. మీటింగెట్టినారు. సదూకున్నోడివి, ఓసారొచ్చి పోరా."

"ఊళ్లో బావ ఉన్నాడు కదే?"

"మీ బావ గుజరాతు బోట్ల మీదున్నాడు. ఊళ్లో మగోళ్లేటున్నారు, ముసిలోళ్లు తప్ప."

మా ఊరి స్టేషను టాటానగర్‌లో సాయంత్రం స్లీపర్ బోగీ ఎక్కాను. రాయగడ మీదుగా విజయనగరం వెళ్లే బండి అది. పై బెర్తు దొరికితే తీసుకోండి, కింద బెర్తు రాత్రంతా ఊరందరి బెంచీ అవుతుంది. ఇంటినుంచి తెచ్చిన రొట్టె, ఆలూ కూర తిన్నాను. ఎదుటి సీటులో మా ఊళ్లోనే మాంగో అనే పేటలో ఉండే లేబర్ కాంట్రాక్టరు సింహాచలం. నా చేతిలో కాగితాలు చూసి ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"అరే భాయ్, కాలవ ఎడల్పయితే పెద్ద షిప్పొత్తాది. షిప్పొత్తే బొగ్గొత్తాది. బొగ్గొత్తేనే గదా మనూళ్లో ఫర్నేసు మండేది! నీకు నీ కంపెనీ మీద కోపమేటి?"

"నాకు బొగ్గు మీద కోపం నేదు. ఆ రేవోళ్ల రాతల మీదే."

"రాతలెవుడు సదువుతాడు?" అని నవ్వి దుప్పటి కప్పుకున్నాడు.

ఎవరూ చదవరనే ధైర్యంతోనే రేవువాళ్లు కాలువ పని మీద పర్యావరణ నివేదికను తయారుచేయించారని నాకు అప్పటికే తెలుసు. దాని తెలుగు సారాంశాన్ని అప్ప ఫోన్లో పంపితే కాగితాల మీద అచ్చు తీయించుకున్నాను. నీటి మీద ప్రభావం నామమాత్రం. తీరం మీద ప్రభావం నామమాత్రం. సముద్రం అడుగున తవ్వేటప్పుడు నీళ్లు బురద అవుతాయట, చేపలు తాత్కాలికంగా పక్కకు తప్పుకుంటాయట. వాటికి ముందే నోటీసు ఇచ్చి ఉంటారు. పటంలో సముద్రానికి నీలం, నేలకు ఆకుపచ్చ వేశారు. రెండింటి మధ్య అప్పయ్యపాలెం ఉండాలి. లేదు.

మర్నాడు రాయగడలో వడలు బాగున్నాయి, టీ బాగులేదు. విజయనగరంలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి బస్సు, బస్సు దిగాక ఊరిదాకా షేర్ ఆటో. చీకటి పడకముందే చేరాలంటే కాంప్లెక్సులో భోజనానికి కూర్చోకండి. అరటిపళ్లు కొనుక్కుని ఎక్కేయండి.

పదేళ్ల కిందట చూసిన ఊరు కాదది. సిమెంటు రోడ్డు సముద్రం వైపు వెళ్లి గాలిలో ఆగిపోయింది. దాని కింద మట్టి లేదు. సరుగుడు చెట్లు వేళ్లు బయటపెట్టి బోర్లా పడున్నాయి. ముందు వరుస ఇళ్లు పోయాయి. అప్ప ఇల్లు ఇప్పుడు ముందు వరుస. ఆమె ఇచ్చిన టీ తాగి మొహం చిట్లించాను.

"ఉప్పెయ్యలేదురా," అంది అప్ప. "నుయ్యే అలాగయిపోనాది."

ఇందులో వింతేమీ లేదు. మన తూర్పు తీరంలో అలలు ఇసుకను ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. ఇసుక నడుస్తుందన్నమాట. దారిలో ఓడల కోసం సముద్రం అడుగున లోతైన కాలువ తవ్వితే ఆ ఇసుక అందులో పడి ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న ఊరికి వచ్చే ఇసుక రాదు, పోయే ఇసుక మాత్రం పోతూనే ఉంటుంది. కాలువ వెడల్పు చేస్తే మింగే నోరు ఇంకా పెద్దదవుతుంది. చిక్కిన ఇసుకను గొట్టాలతో ఉత్తరానికి పోయాలని ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఈ రేవువాళ్లు మొదటిసారి తవ్వినప్పుడు కూడా పోస్తామనే రాశారట. రాయడం వరకు పోశారు.

ఈ ఊరి బతుకు అలివి వల. పడవలో వెళ్లి వలను సముద్రంలో అర్ధచంద్రంలా దింపి వస్తారు. తర్వాత ఒడ్డున రెండు వైపులా నిలబడి ఆడా మగా తాళ్లు లాగుతారు. కులపెద్ద ఎడంగా నిలబడి ఆజ్ఞ ఇస్తేనే తాడు కదులుతుంది, ఆయన మాత్రం తాడు ముట్టడు. రైతుకి కళ్లం ఎలాగో ఈ వలకి ఇసుక అలాగ. నిలబడడానికి ఇసుక లేకపోతే ఇక వల లేదు, వల లేకపోతే ఆడవాళ్లు కూడా గుజరాతు దారి పట్టాలి. అప్ప భయం అదే.

మర్నాడు ఉదయం పొరుగూరి బడి మైదానంలో సభ. రంగుల షామియానా, వేదిక మీద కూలర్లు, వెనక బిర్యానీ పొట్లాల వాసన. నివేదిక రాసిన కన్సల్టెంటు తెర మీద బొమ్మలు చూపించాడు. ఒక బొమ్మలో తాబేలు నవ్వుతోంది. అతడు "తీరరేఖ సమతౌల్యంలోనే ఉంటుంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఒక్కసారయినా సముద్రం వైపు తిరిగి చూడలేదు.

తర్వాత గ్రామస్తులు మాట్లాడొచ్చన్నారు. అప్ప మామగారు గున్నయ్య లేచాడు. ఊరికి కులపెద్ద ఆయనే. తలపాగా సర్దుకుని మైకు పట్టుకున్నాడు.

"బావూ, మీరు మొదటి పాలి తవ్వినపుడు ముందు ఈది పోనాది. ఇప్పుడు ఎడల్పు సేత్తే ఊరే పోతాది. మాకొద్దు. ఇదే మా మాట."

కూర్చున్నాడు. ఊరు ఊరంతా తల ఊపింది. మా అప్పయ్యపాలెం మాటంటే ఇదీ అని నేనూ పొంగిపోయాను. వేదిక మీదివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని మళ్లీ మళ్లీ అడిగారు. ఎవరూ లేవలేదు. పెద్ద మాట్లాడాక పరాయివాళ్ల ముందు ఊరు నోరు విప్పదు. విప్పితే పెద్ద మాట చాలలేదని అర్థం.

వాళ్లు కాగితాలు సర్దుకుంటుంటే నేను లేచాను. సభ సారాంశం స్థానిక భాషలో చదివి వినిపించాలని నిబంధన ఉంది, లైబ్రరీలో చదివాను. అడిగాను.

"మీరు ఈ ఊరివాళ్లా?" అన్నాడు అధ్యక్షత వహించిన అధికారి.

"జంషెడ్‌పూర్. నిబంధన అక్కడా ఇక్కడా ఒకటే కదండీ."

విసుగ్గా గుమస్తాకు సైగ చేశాడు. గుమస్తా చదివాడు: "ఒక వ్యక్తి అభ్యంతరం తెలిపారు. హాజరైన మిగతావారెవరూ అభ్యంతరం తెలపలేదు."

ఊరి కట్టుబాటును ఎంత తేలిగ్గా అంగీకారం చేసేశారు! నేను గున్నయ్య మావ దగ్గరికి పరిగెత్తాను. "మావా, నీ మాట ఒక్కడి మాట కింద రాసీసినారు. అందరూ సెప్పాల."

ముసలాయన మొహం ఎర్రబడింది. "నాను సెప్పీసినాక మళ్లీ ఏటి సెప్పడం? నా మాట మీద మాటాడతారేటి?"

ఆయన వెనక వరుసలో అప్ప లేచింది. మామగారి ఎదురుగా కుర్చీలో కూడా కూర్చోని మనిషి. కొంగు తల మీదికి లాక్కుని నడిచి వెళ్లి మైకు పట్టుకుంది. ఆడవాళ్లలో "ఓలమ్మా!" అని ఎవరో అన్నారు.

"నాకూ ఒద్దు," అంది. "ముందు మింగిన ఇసక తెచ్చి పొయ్యండి. అప్పుడు తవ్వుదురు గాని."

"పేరు?" అన్నాడు గుమస్తా.

"నరసమ్మ."

"భర్త పేరు?"

అప్ప కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. మొగుడి పేరు ఆమె పలకదు. "భర్త పేరు లేకుండా ఎలా రాస్తాం?" అని గుమస్తా కలం ఎత్తేశాడు. సభంతా గున్నయ్య వైపు చూసింది. ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత కర్ర ఊతం పట్టుకుని లేచాడు.

"పోలయ్య. నా కొడుకు. రాసుకోండి," అని వెనక్కి తిరిగాడు. "ఏటలా సూత్తన్నారు? లెగండి, ఒక్కొక్కలూ ఎల్లి సెప్పండి."

ఎండ వాలేదాకా చెప్పారు. బిర్యానీ పొట్లాలు చల్లారిపోయాయి. సారాంశం మళ్లీ రాసి, మళ్లీ చదవాల్సి వచ్చింది: అప్పయ్యపాలెం నుంచి మాట్లాడినవారంతా వద్దన్నారు.

తిరుగు బండిలో నాకు కిటికీ సీటు దొరికింది. కాలువ ఆగుతుందా అని మీరు అడగవచ్చు. నాకు తెలియదు. ఆ కాగితం పైకి వెళ్లింది, పైన చదివేవాళ్లు ఉంటారని నేను హామీ ఇవ్వలేను. తీరం గురించి నేను చదివిన పుస్తకాల్లో అలలు, గాలి, ఇసుక ఉన్నాయి గాని, సభల్లో ఊళ్లు ఎలా కొట్టుకుపోతాయో లేదు. ఆ పుస్తకం రాయాల్సినవాళ్లు బిర్యానీ తిని వెళ్లిపోతున్నారు.

సాయపడినవాళ్లకు దండాలు పెట్టి ముగిస్తాను. రిఫరెన్సు పుస్తకాన్ని ఇంటికిచ్చిన లైబ్రరీ బెనర్జీ బాబుకి, సెలవిచ్చిన ఫోర్‌మన్ మహతో జీకి, తెల్లారగట్ల లేపి టీ ఇప్పించిన సింహాచలానికి, అప్ప వెనకే మైకు దగ్గరికి వెళ్లి మాట్లాడిన లచ్చమ్మ, కనకమ్మ, ఎర్రమ్మ, దానమ్మలకి, అందరికన్నా ముందు లేచిన మా అప్పకి. చివరగా గున్నయ్య మావకి. సభ అయిన మర్నాడు వల లాగే ముందు ఆయన ఎప్పటిలా ఆజ్ఞ ఇవ్వలేదని, ఎవరూ అడగలేదని అప్ప ఫోన్లో చెప్పింది. మిగిలిన ఆ కాస్త ఇసుక మీద కోడళ్ల వెనక నిలబడి, ఆయన కూడా తాడు పట్టుకున్నాడట.