రూతమ్మ కప్పు

2023 వానాకాలం. మానవపాడు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. మా చుట్టుపక్కల ఆడవాళ్లకు అవి సీడ్ పత్తి క్రాసింగ్ రోజులు. విత్తనం కోసం పొద్దున్నే చేలో దిగి పువ్వుకు పువ్వు రుద్దాలి. బట్ట మార్చుకోవడానికి చాటు కూడా దొరకదు. అందుకని ఎవరో చేను గట్టు మీదే క్యాంపు పెట్టి మెన్‌స్ట్రువల్ కప్పులు పంచి వెళ్లారు. నెలసరిలో లోపల పెట్టుకునే మెత్తని సిలికాన్ గిన్నె అది. పంచడం సులువే. ఇరుక్కుంటే మాత్రం మా దగ్గరికే రావాలి.

మా ఏఎన్ఎం, అంటే ఊళ్లు తిరిగే నర్సమ్మకు, కప్పంటేనే పడదు. అది గర్భసంచిలోకి పోతుందని అందరినీ భయపెట్టేది. పోదని నేను, పోతుందని ఆమె. నేనైనా వనపర్తిలో ఒక పూట శిక్షణలో ప్లాస్టిక్ బొమ్మ మీద చూసిందే తప్ప, మనిషికి తీసింది లేదు.

ఒక మధ్యాహ్నం రూతమ్మను ఆమె అత్త ఏసమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పొద్దుటి నుంచి ఎంత లాగినా కప్పు రావడం లేదట. డాక్టరు గారు మీటింగుకని గద్వాల వెళ్లారు. రూతమ్మను కాన్పు గదిలో బల్ల మీద పడుకోబెట్టాం. ఏఎన్ఎం ఫోర్సెప్స్, అంటే పట్టుకారు లాంటి పరికరం, నా చేతికిచ్చి పట్టి గుంజెయ్యమంది.

నేను గుంజలేదు. కప్పు గాలి పట్టుతో అతుక్కుని ఉంటుంది. పిల్లలు పుట్టకుండా గర్భసంచిలో వేసే కాపర్-టీ గనక ఉంటే, ఆ గుంజుడుకు అది కూడా ఊడి రావచ్చు. ఉందా అని రూతమ్మను అడిగాను. లేదంది. కానీ చూపు నా మీద లేదు, అత్త మీద ఉంది.

ఆ పిల్ల మాట నమ్మి గుంజితే, కాపర్-టీ అత్త కళ్ల ముందే బయటపడుతుంది. ఏసమ్మను బయటికి వెళ్లమన్నాను.

"నేనుంటే ఏమైతది సిస్టరమ్మ, నా కోడలే గద," అంది కదలకుండా.

కాన్పు గదిలో ఇంటి ఆడమనిషి తోడుండడం మా దగ్గర అలవాటు. తోడు లేకుండా వస్తే కసిరేది కూడా నేనే. ఆ రోజు మాత్రం బయటికి నడవకపోతే చెయ్యి వెయ్యనని గట్టిగా అరిచి పంపి, తలుపు గడియ పెట్టాను. లోపల రూతమ్మ, ఏఎన్ఎం, నేను మిగిలాం.

"ఇప్పుడు చెప్పు రూతమ్మా."

"ఉందక్కా. కాన్పప్పుడు నేనే ఏయించుకున్న. నెత్తురు పోయి సావు దాక పోయొచ్చిన గద, జర కోలుకున్నంక సూద్దామని. ఇంట్ల ఎవరికీ తెల్వదు. తెలిస్తే నన్ను బతకనియ్యరు."

ఆమెను కిందికి దించి గొంతుక్కూర్చోబెట్టి, కాన్పప్పటిలా ముక్కమన్నాను. కప్పు తోకను లాగకుండా, అడుగుభాగాన్ని వేళ్లతో నొక్కితే గాలి పట్టు వదులుతుంది. వేళ్లు జారాయి. మళ్లీ జారాయి. బయట ఏసమ్మ తలుపు తడుతోంది. చివరికి పట్టు సడలి కప్పు మెల్లగా వచ్చింది. వెంటనే వేలితో చూశాను. కాపర్-టీ దారం ఉండాల్సిన చోటే తగిలింది. ఆ మాట చెప్పగానే రూతమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. డాక్టరు గారు చూసేదాకా కప్పు జోలికి పోవద్దన్నాను.

తలుపు తీయగానే ఏసమ్మ ట్రేలోని కప్పు వైపు చూసింది.

"నిజం చెప్పు సిస్టరమ్మ. గిది కడుపు రాకుండ చేస్తదా? మనవరాలికి రెండేండ్లు నిండె. కోడలు మల్ల నీళ్లు పోసుకోలే."

రూతమ్మ నా వైపు చూసింది.

"కప్పు అట్లాంటిదేం చెయ్యదు," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

అన్నీ విన్న ఏఎన్ఎం ఏమంటుందోనని బెదురుగా ఆమె వైపు చూశాను. ఆమె కప్పును చేతిలోకి తీసుకుంది.

"దీంతోని ఏం కాదు ఏసమ్మ. గర్భసంచిలకు గూడ పోదు."

శిక్షణలో కప్పు మడవడం నేర్పారు, మరగబెట్టడం నేర్పారు. ఏ ప్రశ్న ఎవరి ముందు అడగకూడదో నేర్పలేదు. ఇప్పుడు ఎవరికి కప్పు ఇచ్చినా, కాపర్-టీ ఉందా అని మేమిద్దరం ముందే అడుగుతాం. అడిగే ముందు తలుపు వేస్తాం.