ఒకే వేషానికి ఇద్దరు

మొన్న శుక్రవారం రియాద్‌లో జరిగిన సంతాపసభలో మన తెలుగు సంఘం కార్యదర్శి మైకు పట్టుకుని, "సిడ్నీ మహానగరం నుంచి వచ్చి, మనవాళ్ళకి సరికొత్త నాటక పద్ధతి నేర్పిన గొప్ప దర్శకురాలు కన్నుమూసింది" అన్నాడు. బాబూ, ఒక్క వాక్యంలో మూడు తప్పులు ఇమడ్చడం అందరికీ చేతకాదు. ఆ పిల్లది సిడ్నీ కాదు, అక్కణ్ణించి పొద్దున బయల్దేరితే పొద్దుగూకే వేళకి చేరే గొర్రెల ఊరు. ఇక్కడికి వచ్చేనాటికి గొప్ప దర్శకురాలూ కాదు, అప్పటికి ఒకే ఒక్క నాటకం వేసి, అదీ పోగొట్టుకుని వచ్చిన ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఇక ఆ కొత్త పద్ధతి ఆమె మనకి నేర్పింది కాదు. అల్ ఖర్జ్ డెయిరీ ఫారంలో పాలు పితికే ఇద్దరు మనుషులు ఆమెకి నేర్పింది. ఆ ఇద్దరిలో ఒకడు, గంగారాం, మీ సభలో ఆఖరి వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. అతని తల ఎందుకు వంగిందో చెప్పడానికే మన సంఘం పత్రికకి ఇది రాస్తున్నాను. వంచినదాన్ని నేనే కాబట్టి.

కబురు నాకు ఆ పిల్ల నాన్న ఫోన్‌లో చెప్పాడు. గోంగూర ఆకు తుంపుకుంటున్నాను. "మిమ్మల్ని అమ్మమ్మా అని పిలిచేది కదా, అందుకని మీకు ముందు చెబుతున్నాను" అన్నాడు. రక్తంలో జబ్బట. ముప్ఫై అయిదు నిండలేదు. పెద్ద నగరంలో, పెద్ద హాల్లో, మొట్టమొదటిసారి పెద్ద నాటకం చేతికొచ్చి, రిహార్సల్స్ సగంలో ఉండగా మంచం ఎక్కింది. మళ్ళీ దిగలేదు. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని, ఎన్నో కబుర్లు నా నోటితోనే చెప్పినదాన్ని. ఆ పూట మాత్రం తుంపిన ఆకు ఒక పక్కా కాడలు ఒక పక్కా వెయ్యడం మర్చిపోయి రెండూ కలిపేశాను.

వాళ్ళ నాన్న ఆస్ట్రేలియా తెల్లాయన, అప్పట్లో ఆ ఫారంలో ఆవుల మందలన్నిటికీ మేనేజరు. మనవాళ్ళకి పెద్దసారు. ఊళ్ళో ఏళ్ళ తరబడి వాన లేక, గొర్రెలనీ ఆవులనీ అమ్ముకుని ఎడారికి వచ్చాడు. ఎండకి భయపడి ఇంకా పెద్ద ఎండలోకి రావడం మన కరీంనగర్ వాళ్ళొక్కరే చేస్తారనుకునేదాన్ని. కూతురు ఆయన దగ్గర కొన్నాళ్ళుండడానికి వచ్చింది. ఖాళీగా ఉండడమెందుకని కంపెనీ ఆమెకొక పని అప్పజెప్పింది, క్యాంపులో కూలీలకి భద్రతా పాఠాలు ఇంగ్లీషులో చెప్పడం. నేను అదే ఫారం క్లినిక్‌లో సిస్టర్ని. పాఠానికి దుబాసీని కూడా నేనే.

మూడో పాఠానికే పుస్తకం మూసేసింది. ఆవు తన్నితే ఏం చెయ్యాలో చెప్పకుండా ఒకణ్ణి ఆవుగా, ఒకణ్ణి తన్నులు తినేవాడిగా నిలబెట్టింది. మెస్ హాలంతా పగలబడి నవ్వింది. అప్పటినుంచి మనవాళ్ళు ఆమెని "డైరెక్టరమ్మ" అన్నారు, మొదట వెక్కిరింతకి, తర్వాత అలవాటుకి.

కుర్చీలో కూర్చునేది కాదు. దాణా బకెట్ బోర్లించుకుని దానిమీద కూర్చునేది. నోట్లో రెండువేళ్ళు పెట్టుకుని ఈల వేస్తే రిహార్సల్ మొదలైనట్టు, ఇంకోలా వేస్తే ఆగినట్టు. వాళ్ళ ఊళ్ళో గొర్రెలు కాసే కుక్కలకి అలాగే వేస్తారట. "మమ్మల్ని కుక్కలనుకుంటున్నావా" అని అడిగితే, "అమ్మమ్మా, కుక్కలు ఇంతకన్నా తొందరగా నేర్చుకుంటాయి" అంది. నా మనవరాలు ఫోన్‌లో పిలవడం విని ఆ పిలుపు ఎత్తుకుంది. ఆ కుక్కల మాట విననట్టు నేను టీలోకి డబ్బాపాలు కలుపుకున్నాను.

ప్రతి రిహార్సల్‌లోనూ ఒకసారి వెళ్ళి హాలు చివరి బెంచీమీద కూర్చుని వినేది. "వెనక బెంచీవాడు అలిసిపోయి వచ్చాడు. నాటకం వాడికోసం" అనేది.

తను పోగొట్టుకున్న మొదటి నాటకం సంగతి నాకొక్కదానికే చెప్పింది. వాళ్ళ ఊరి హాల్లో వేసిందట. సగంలో రేకులమీద చప్పుడైంది. వాన. మూడేళ్ళ తర్వాత వాన. ఒక్కొక్కరే లేచి బయటికి పోయారట. చివరికి వేషం వేసినవాళ్ళు కూడా. తిరిగి ఎవరూ రాలేదు. "నా నాటకం వాన కన్నా గొప్పది కాలేకపోయింది అమ్మమ్మా. ఇక్కడ కూడా ఇలాగే అయితే మానేస్తాను. మా ఊరి ధాన్యం గిడ్డంగిలో గుమాస్తా పని రెడీగా ఉంది" అంది. "వానతో పోటీకి నిలిచే నాటకం ఇంకా ఎవరూ రాయలేదులే" అన్నాను. ఓదార్పుగానే అన్నాను. నా గొంతు సంగతి తెలిసినవాళ్ళు నమ్మరు.

మూడు నెలలు పట్టి, క్యాంపు మనుషుల మాటలే ఏరి ఒక నాటకం కూర్చింది. కథ చిన్నది. ఒక పాలు పితికేవాడు ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా నేను సూపర్‌వైజర్నని, ఏసీ గదిలో కూర్చుంటానని చెబుతాడు. తీరా బామ్మర్దికి అదే ఫారంలో వీసా వస్తుంది. అంతే. హాల్లో ఉన్నవాళ్ళలో సగంమంది కథ అది.

చిక్కల్లా డ్యూటీలతో వచ్చింది. పార్లర్ అనే పాలషెడ్డులో ఆవులని రోజంతా పితుకుతూనే ఉంటారు, మనుషులు షిఫ్టుల్లో మారతారు. పొద్దుటి షిఫ్టువాడు ఖాళీ అయ్యేసరికి సాయంత్రం వాడు పనిలో ఉంటాడు. అందుకని ప్రతి వేషాన్నీ ఇద్దరికి నేర్పింది, ఒక్కో షిఫ్టు నుంచి ఒక్కొక్కడికి. నాటకం రోజున ఎవడికి డ్యూటీ లేకపోతే వాడు ఎక్కాలి. ఆ పాలు పితికేవాడి వేషం జగిత్యాల వైపు పోశన్నకీ, నిర్మల్ వైపు గంగారాంకీ ఇచ్చింది. పోశన్న తాటిచెట్టు. గంగారాం అతని భుజం దాకా వస్తాడు.

శుక్రవారం మధ్యాహ్నం, సాయంత్రం షిఫ్టు మొదలవకముందు నాటకం. పెద్దసారు కూతురిమీద ప్రేమకొద్దీ, ఎవరికీ చెప్పకుండా, ఇద్దరికీ సెలవిచ్చాడు. ఇద్దరూ మెడ నుంచి కాళ్ళ దాకా ఒకే ముక్కగా ఉండే నీలం పనిబట్టలు, కవరాళ్ళు, తొడుక్కుని, ఒకడు ఎడమ తలుపులోంచి, ఒకడు కుడి తలుపులోంచి, ఒకేసారి వచ్చి నిలబడ్డారు.

"నువ్వెందుకొచ్చినవ్ రా?" పోశన్న పళ్ళు బిగించి అన్నాడు.

"నాగ్గూడ చుట్టి ఇచ్చిండు పెద్దసారు. నువ్వే వో."

"నేనెందుకు వోవాలె?"

హాలు నవ్వడం మొదలుపెట్టింది. నేను పక్కన మాటలు అందించడానికి కాగితాలు పట్టుకుని, ఏ పేజీలో ఉన్నామో తెలియక తిప్పుతున్నాను. అప్పుడు ఈల వినబడింది. ఆపమనే ఈల కాదు, మొదలుపెట్టమనేది. చూస్తే ఆ పిల్ల బకెట్ మీదనుంచి లేచి, పోశన్నకి కుర్చీ చూపిస్తోంది, గంగారాంకి ఆవు నిలబడే చోటు చూపిస్తోంది. పోశన్న కుర్చీలో కూర్చుని ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. గంగారాం కింద కూలబడి, పక్కవాడికేసి చూడకుండా, లేని ఆవు పొదుగు కడగడం మొదలుపెట్టాడు.

"ఆఁ, నేనా? ఆఫీసుల గూసున్న. ఏసీ మస్తు సల్లగున్నది. పనేముంటది, సంతకాలు వెట్టుడే" అన్నాడు పోశన్న.

గంగారాం మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

నవ్వు ఆగిపోయింది. అక్కణ్ణించి చివరిదాకా ఒకడు మాటలతో, ఒకడు చేతులతో ఆ వేషాన్ని నడిపారు. నాటకం అయ్యాక చప్పట్లు కూడా లేవు. ఒక్కొక్కరే లేచి, ఫోన్లు చేతిలో పట్టుకుని, బయటికి పోయారు.

చదువుకున్నదాన్ని కదా, నేను కాగితాలు చూస్తున్నాను, మనుషుల్ని కాదు. నాకు తెలిసిందల్లా నాటకంలో రాయనిది జరిగింది, జనం మళ్ళీ లేచిపోయారు, ఆ పిల్ల ఇక గిడ్డంగి గుమాస్తా. తిన్నగా మెస్ వంటగదిలోకి పోయి, చాయ్ తాగుతున్న ఆ ఇద్దరినీ పదిమంది ముందు కడిగేశాను. "ఒక్క వేషానికి ఇద్దరెందుకు తగలడ్డార్రా? మూడు నెలల కష్టం బూడిదలో పోశారు. ఆవులకి చెబితే అవైనా వరుస తప్పకుండా వచ్చేవి!" పోశన్న గ్లాసు కింద పెట్టేశాడు. గంగారాం, "మాతోని తప్పయింది సిస్టరమ్మా" అన్నాడు.

తర్వాత ఆమె వచ్చి ఇద్దరి చేతులూ పట్టుకుని ఊపి థాంక్యూ చెప్పింది. వాళ్ళు నమ్మలేదు. "తెల్లోళ్ళు అన్నిటికి థాంక్యూనే అంటరు" అన్నాడు పోశన్న. నెల తిరక్కుండా ఆమె వెళ్ళిపోయింది.

గుమాస్తా కాలేదు. వాళ్ళ ప్రాంతంలోనే ఉన్ని కత్తిరించే షెడ్లలోనూ, ఊరి హాళ్ళలోనూ నాటకాలు వేసింది. అన్నిట్లోనూ ఒక వేషానికి ఇద్దరు, ఒకరు మాట్లాడతారు, ఒకరు బతుకుతారు. అక్కడి పత్రికలు దాన్ని కొత్త పద్ధతి అని రాశాయి. నాకు పంపిన మొదటి ఉత్తరంలో ఆమె ఇలా రాసింది: "అమ్మమ్మా, ఆ రోజు వాళ్ళు వెళ్ళిపోలేదు. ఇంటికి ఫోన్ చెయ్యడానికి వెళ్ళారు. నేను వెనక నిలబడి విన్నాను. ఒకతను భార్యకి తను ఏం పని చేస్తాడో మొదటిసారి చెబుతున్నాడు. తెలుగు రాకపోయినా ఆవు అన్న మాట నాకు తెలుసు. ఈసారి వాన లోపలే పడింది. నా పని వాళ్ళిద్దరితోనే మొదలైందని పోశన్నకీ గంగారాంకీ చెప్పండి."

చెబుతానులే అని రాశాను. అప్పటికి నేను రిటైరై రియాద్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. అల్ ఖర్జ్ ఎంత దూరం, గంట ప్రయాణం. పోవాలంటే, నేనన్నది తప్పు అని వంటగదిలో పదిమంది ముందు చెప్పాలి. అందుకే ఆ గంట దాదాపు పదేళ్ళు పట్టింది. ప్రతి ఉత్తరంలోనూ ఆమె అడిగేది, చెప్పారా? నాటకాల వీడియోలు పంపి, ఎలా ఉంది అనేది. దానికీ "పర్లేదు" అని రాసేదాన్ని. ఆమె రిహార్సల్స్‌లో ఒక మాట అనేదని వాళ్ళ నాన్న చెప్పాడు. "తప్పు లోపలికి వస్తే తరిమెయ్యకండి, కుర్చీ వెయ్యండి." తప్పు చేసిన ఇద్దరికి ఆమె కుర్చీ వేసింది. నేను లేపేశాను.

మొన్న సభ అయ్యాక గంగారాం నా దగ్గరికి వచ్చాడు. జుట్టు నెరిసింది. బస్సు పట్టుకుని వచ్చాడట. "గంత గొప్పామె నాటకం మేం ఖరాబ్ జేస్తిమి సిస్టరమ్మా. పోశన్న ఖురూజ్ మీద, వీసా రద్దు జేసుకోని మొత్తానికే ఇంటికి వోయేటప్పుడు గూడ గదే యాది జేసిండు. ఆని కవరాల్ నా దగ్గర్నే ఉన్నది, నాదానితోని" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది పోయి, తిరుగు బస్సు ఎన్నింటికని అడిగాను.

అచ్చులో చెబుతున్నాను, చదవండి. పోశన్నా, గంగారాం, మీరు ఆ నాటకాన్ని చెడగొట్టలేదు. మీరే ఆ నాటకం. ఇక ఆ పిల్లకి: బాగుంది తల్లీ. చాలా బాగుంది. మొదటినుంచీ బాగుంది.

కార్యదర్శి బాబూ, నీకొక పని. ఆమె సగంలో వదిలిన నాటకాన్ని పెద్ద హాల్లో ఆపకుండా వేస్తున్నారు. క్యాంపు నాటకం తాలూకు గుర్తు ఏదైనా ఉంటే హాలు గుమ్మంలో పెడతామని వాళ్ళ నాన్న అడిగాడు. ఈ శుక్రవారం నన్ను కూడా కారులో ఎక్కించుకో, అల్ ఖర్జ్ పోదాం. ఈ కాగితం పట్టుకో. మెస్ వంటగదిలో చాయ్ వేళకి, పదిమంది ఉండేట్టు చూసి, నేనే చదువుతాను. నా గొంతు ఆగితే నువ్వు అందించు. పోశన్నకి ఫోన్ కలిపి పక్కన పెట్టు. తర్వాత గంగారాం దగ్గర ఆ రెండు కవరాళ్ళూ తీసుకో. ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు. పొడుగుదీ పొట్టిదీ విడివిడిగా కట్టొద్దు. ఒకదానిలోపల ఒకటి తొడిగి, రెంటికీ కలిపి ఒక్క హ్యాంగర్ పెట్టి పంపు.